అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్‌లో నాలుగైదు సార్లు మాత్రమే బంతి పట్టే డెవిన్ హెస్టర్‌కు హాల్ ఆఫ్ ఫేమ్ ఇవ్వడం సబబేనా?

సబబే. నన్నడిగితే రెండేళ్ళు ఆలస్యం కూడా చేశారు. ఈ ఆట దిగ్గజాల గౌరవ జాబితా అయిన హాల్ ఆఫ్ ఫేమ్‌కు 2022లోనే ఆయనకు అర్హత వచ్చింది. ఆ ఏడాది చివరి జాబితా దాకా వచ్చి ఆగిపోయాడు. 2023లోనూ అంతే. 2024 ఆగస్టులో గానీ ఒహాయోలోని కాంటన్‌లో ఆయన కంచు విగ్రహం పెట్టలేదు. రిటర్న్‌లే, అంటే అవతలి జట్టు తన్నిన బంతిని పట్టుకుని తిరిగి వాళ్ళ వైపుకు పరిగెత్తడమే, ప్రధానమైన పనిగా ఆడి హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి వెళ్ళిన మొదటి మనిషి హెస్టరే.

మీరు ప్రశ్న కింద రాసిన వివరణ చదివాను. రిసీవర్‌గా, అంటే తనవాళ్ళు విసిరిన బంతిని పట్టే ఆటగాడిగా, కెరీర్ మొత్తం మీద 255 క్యాచ్‌లు, 3,311 యార్డులు, 16 టచ్‌డౌన్‌లు (బంతితో అవతలి చివరి గీత దాటడం), ఇంతకంటే ఎంతో ఎక్కువ చేసినవాళ్ళు బయటే ఉండిపోయారు కదా అన్నారు. లెక్క కరెక్టే. ఆ లెక్కతో ఆయన్ని తూచడమే అన్యాయం. అసలు ఆయన్ని రిసీవర్‌ని చేయడమే ఆయన జట్టు చికాగో బేర్స్ చేసిన తప్పని నేను అప్పటినుంచీ మొత్తుకుంటున్నాను. ఆ సంగతికి తర్వాత వస్తాను. ముందు ఆయన మైదానంలో ఉంటే స్టేడియం ఎలా ఉండేదో చెప్పాలి. నాలుగైదు సార్లే బంతి పడతాడు అనే మాట టీవీలో హైలైట్స్ చూసినవాళ్ళదే గానీ, అక్కడ కూర్చున్నవాళ్ళెవరూ అనరు.

2007లో మేం చికాగో పక్కన నేపర్‌విల్‌లో ఉండేవాళ్ళం. ఆ ఫిబ్రవరిలోనే మయామీలో బేర్స్ ఆడిన సూపర్ బౌల్, అంటే లీగ్ ఫైనల్, అయింది. వాన పడుతోంది. ఇండియానాపొలిస్ కోల్ట్స్ తన్నిన మొట్టమొదటి కికాఫ్‌నే (ఆట మొదట్లో, స్కోర్ చేశాక తన్నే కిక్) హెస్టర్ పట్టుకుని 92 యార్డులు పరిగెత్తి టచ్‌డౌన్ చేసేశాడు. గడియారంలో పోయింది 14 సెకన్లు. సూపర్ బౌల్‌లో తొలి కికాఫ్‌ను అలా తిప్పికొట్టినవాడు అంతకుముందు ఎవడూ లేడు. ఆయనకే తన్నుదాం, చూద్దాం అని కోల్ట్స్ కోచ్ టోనీ డంజీ ముందే నిర్ణయించుకున్నాడు. ఆ ఒక్క కిక్ తర్వాత మళ్ళీ ఆయన చేతికి బంతి సరిగ్గా అందనిస్తే ఒట్టు! నేల మీద దొర్లిస్తూ తన్నారు. బేర్స్ 29-17తో ఓడిపోయింది, అది వేరే బాధ.

ఇక అదే ఏడాది నవంబర్ 25, థాంక్స్‌గివింగ్ తర్వాతి ఆదివారం. సోల్జర్ ఫీల్డ్‌లో డెన్వర్ బ్రాంకోస్‌తో మ్యాచ్. మా ఆఫీసులో ఒకాయన దగ్గర సీజన్ టికెట్లు ఉండేవి. వాళ్ళావిడకు కుదరక ఆ సీటు నాకిచ్చాడు. మిషిగన్ సరస్సు పక్కనే స్టేడియం, ఆ గాలికి రెండు స్వెటర్లు వేసుకున్నా వణుకే. మా ముందు వరసలో ఒక పెద్దావిడ, ఆవిడ భర్త. ఏళ్ళ తరబడి అవే సీట్లట. మామూలుగా ఏ స్టేడియంలోనైనా పంట్ సమయం (ముందుకు పోలేని జట్టు బంతిని అవతలివాళ్ళకు తన్నేసే సమయం) అంటే జనం బాత్రూమ్‌కో, తిండి కొనుక్కోవడానికో లేచి వెళ్ళే సమయం. ఇక్కడ తలకిందులు. మన క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి దాడి నడిపేవాడు) ఆడుతుంటే జనం బయటికి వెళ్తున్నారు. అవతలివాళ్ళు పంట్‌కు సిద్ధమవగానే మెట్ల మీద ఉన్నవాళ్ళు కూడా చేతిలో కాఫీ కప్పులతో పరిగెత్తుకొస్తున్నారు. ఆ పెద్దావిడ వెనక్కి తిరిగి నాకు ఒకటే చెప్పింది: బంతిని చూడకు, 23వ నంబర్‌ని చూడు. అది హెస్టర్ చొక్కా నంబర్.

ఆ వారమంతా ఒక గొడవ నడిచింది. బ్రాంకోస్ పంటర్ టాడ్ సవర్‌బ్రన్, ఒకప్పుడు బేర్స్‌కే ఆడినవాడు, మేం హెస్టర్‌కి భయపడి పక్కకి తన్నం, ఆయనకే తన్నుతాం అని ముందే ప్రకటించాడు. అన్న మాట నిలబెట్టుకున్నాడు కూడా. మూడో క్వార్టర్‌లో బంతి గాల్లోకి లేచింది. హెస్టర్ తల పైకెత్తి నిలబడ్డాడు. చుట్టూ అందరూ ఒకేసారి లేచారు, ఒకేసారి గొంతులు తగ్గాయి. బంతి చేతిలో పడ్డాక ఆయన వెంటనే పరిగెత్తడు. ఒక్క క్షణం ఆగుతాడు. టీవీలో ఆ ఆగడం తెలియదు, ఎందుకంటే కెమెరా అప్పటిదాకా బంతి మీదే ఉంటుంది. ఆ క్షణంలో తనవాళ్ళు ఎవరెవరిని అడ్డుకుంటున్నారో చూస్తాడు. మీదికి దూసుకొచ్చేవాడు ఆయన ఎటు కదులుతాడో తేల్చుకోలేక అడుగు తడబడతాడు. ఆ సందులోంచి ఒక్క కోత, ఆ తర్వాత తిన్నగా గీత గీసినట్టు పరుగు. 75 యార్డులు. టచ్‌డౌన్. నా భుజం మీద ఎవరి కాఫీ ఒలికిందో ఇప్పటికీ తెలియదు.

డెన్వర్ మళ్ళీ స్కోర్ చేసింది. దాంతో వాళ్ళు కికాఫ్ తన్నాలి. అప్పటికైనా పక్కకి తన్నుతారనుకున్నాం. మళ్ళీ ఆయనకే తన్నారు! 88 యార్డులు, ఇంకో టచ్‌డౌన్. పెద్దావిడ భర్త టోపీ తీసి తల పట్టుకుని కూర్చుండిపోయాడు, నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియలేదు. ఆ తర్వాత బేర్స్ వెనకబడి, చివర్లో సమం చేసి, ఓవర్‌టైమ్‌లో రాబీ గూల్డ్ ఫీల్డ్ గోల్‌తో (బంతిని గోల్ స్తంభాల మధ్యకు తన్నడం) 37-34తో గెలిచింది. ఆ సీజన్ మొత్తం బేర్స్ 7 గెలిచి 9 ఓడింది. అంటే చెత్త జట్టు. ఆ చలిలో జనం ఎందుకు కూర్చున్నారంటే ఆయన కోసమే. ఆ సీజన్ ముగిసేసరికి ఆయనకు రెండు సీజన్లలో 12 రిటర్న్ టచ్‌డౌన్‌లు, సూపర్ బౌల్‌ది కలపకుండా.

ఆయన్ని 2006 డ్రాఫ్ట్ (కొత్త ఆటగాళ్ళను జట్లు ఎంచుకునే కార్యక్రమం) రెండో రౌండ్‌లో 57వ ఎంపికగా తీసుకున్నప్పుడు కార్నర్‌బ్యాక్, అంటే అవతలి రిసీవర్లను అడ్డుకునే డిఫెన్స్ ఆటగాడు, అని తీసుకున్నారు. మొదటి మ్యాచ్‌లోనే గ్రీన్ బే మీద 84 యార్డుల పంట్ రిటర్న్ టచ్‌డౌన్ చేశాడు. అక్టోబర్‌లో అరిజోనా మీద సగం ఆట అయ్యేసరికి 20-0తో వెనకబడిన మ్యాచ్‌ని, చివర్లో 83 యార్డుల పంట్ రిటర్న్‌తో 24-23గా మార్చేశాడు. బేర్స్ అఫెన్స్ ఆ రాత్రి ఒక్క టచ్‌డౌన్ కూడా చేయలేదు. న్యూయార్క్ జెయింట్స్ మీద గురి తప్పిన ఫీల్డ్ గోల్‌ని పట్టుకుని 108 యార్డులు పరిగెత్తాడు. ఇవన్నీ చూసిన మేనేజ్‌మెంట్‌కు తట్టిన ఆలోచన ఏమిటంటే, ఇంత మంచివాడికి ఇంకా ఎక్కువసార్లు బంతి ఇవ్వాలి, కాబట్టి రిసీవర్‌ని చేద్దాం అని!

పైకి చూస్తే తెలివైన ఆలోచనే. అక్కడే నాకు ఒళ్ళు మండుతుంది. రిసీవర్ పని వేరు. క్వార్టర్‌బ్యాక్‌తో ముందే అనుకున్న దారిలో, అనుకున్న అడుగులు లెక్కపెట్టి, అనుకున్న చోట తిరగాలి. అది చిన్నప్పటినుంచి చేస్తే వచ్చే పని. హెస్టర్ బలమంతా ముందే అనుకోకుండా, అప్పటికప్పుడు కళ్ళతో చూసి నిర్ణయించుకోవడంలో ఉంది. దానికి పైన మ్యాచ్‌కు యాభై, అరవై సార్లు పరిగెత్తించి, దెబ్బలు తినిపించి, ఆ అలసిన కాళ్ళతోనే పంట్ రిటర్న్‌కి పంపారు. ఫలితం? 2008లో 51 క్యాచ్‌లు, 665 యార్డులు. 2009లో 57 క్యాచ్‌లు, 757 యార్డులు. జట్టులో అందరికంటే ఎక్కువ యార్డులు ఆ రెండేళ్ళూ ఆయనవే. ఆ రెండేళ్ళలో రిటర్న్ టచ్‌డౌన్‌లు ఎన్నో తెలుసా? సున్నా. రెండు సీజన్లలో పన్నెండు చేసినవాడు తర్వాతి రెండు సీజన్లలో సున్నా. ఎదుటివాళ్ళు పక్కకి తన్నడం మొదలుపెట్టారు కదా అని కొందరంటారు. 2007లో తన్నలేదా? కికాఫ్ బయటికి పోతే బంతి 40 యార్డుల గీత దగ్గర బేర్స్‌కి వచ్చేసేది. అదే టచ్‌బ్యాక్ (బంతి ఎండ్ జోన్‌లో, అంటే చివరి గీత అవతల, ఆగిపోవడం) అయితే 20 దగ్గర మొదలుపెట్టాలి. ఇరవై యార్డులు ఊరికే వదులుకోవడానికి కూడా జట్లు సిద్ధపడ్డాయి. అంటే ఆయన బంతి ముట్టుకోకపోయినా జట్టుకు లాభమే. ఈ లాభం ఏ పట్టికలోనూ కనబడదు, ఓటర్లకు అందుకే అర్థం కాలేదు.

2010లో రిసీవర్ భారం కాస్త తగ్గింది. 40 క్యాచ్‌లే. వెంటనే మూడు పంట్ రిటర్న్ టచ్‌డౌన్‌లు వచ్చాయి. 2011లో 26 క్యాచ్‌లు, మళ్ళీ మూడు రిటర్న్ టచ్‌డౌన్‌లు. కరోలినా మీద చేసినదానితో పంట్ రిటర్న్ టచ్‌డౌన్‌లలో ఎరిక్ మెట్‌కాఫ్ రికార్డు దాటేశాడు. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

ఇది ఫుట్‌బాల్‌కే పట్టిన జబ్బు కాదు. నేను పనిచేసిన ఒక కంపెనీలో డేటాబేస్ పడిపోతే అర్ధరాత్రి ఫోన్‌లోనే సరిచేసే తెలుగాయన ఉండేవాడు. అంత బాగా చేస్తున్నాడని మేనేజర్‌ని చేశారు. ఆర్నెల్లలో ఆయన మీటింగుల్లో నలిగిపోయాడు, డేటాబేస్ చూసే దిక్కు లేకుండా పోయింది. ఒక పని అద్భుతంగా చేసేవాణ్ణి ఆ పనిలోనే ఉంచి, ఆ పనికే జీతం పెంచడం ఎవరికీ చేతకాదెందుకో. హెస్టర్ విషయంలోనూ రిటర్నర్‌కి అంత డబ్బెలా ఇస్తాం అనే లెక్కే అందరి తలల్లోనూ ఉంది.

దీనికి తోడు 2011లో లీగ్ కికాఫ్‌ను 30 నుంచి 35 యార్డుల గీతకు జరిపింది. గాయాలు తగ్గించడానికన్నారు. గాయాలు తగ్గాలి, దానికి ఎవరూ అడ్డు చెప్పరు. కానీ ఆ అయిదు యార్డులతో ఎక్కువ కిక్‌లు ఎండ్ జోన్‌లో పడి ఆగిపోవడం మొదలైంది. రిటర్నర్ బతుకు అక్కడే సగం పోయింది. అప్పటినుంచి టీవీలో చూడండి: టచ్‌డౌన్, యాడ్స్, కికాఫ్ ఎవరూ పట్టకుండా దాటిపోవడం, మళ్ళీ యాడ్స్. మన వాళ్ళు ఈ ఆట చూడలేం బాబోయ్ అంటారంటే ఈ యాడ్స్ వల్లే, ఆట వల్ల కాదు. 2024లో కొత్త పద్ధతి తెచ్చారు. తన్నేవాడు తప్ప అతని జట్టు మిగతా పదిమందీ అవతలి 40 గీత మీద నిలబడతారు, బంతి పట్టుబడేదాకానో నేల తాకేదాకానో కదలకూడదు. రిటర్న్‌లు మళ్ళీ పెరిగాయి. హెస్టర్‌కి విగ్రహం పెట్టిన ఏడాదే ఈ మార్పు రావడం నాకు చాలా సంతోషమనిపించింది. ఈ నిబంధన 2008లో ఉండి ఉంటే ఆయన లెక్క ఇరవై దగ్గర ఆగేది కాదు, రాసిపెట్టుకోండి.

అవును, మొత్తం 20 రిటర్న్ టచ్‌డౌన్‌లు. పంట్‌లు 14, కికాఫ్‌లు 5, ఆ ఫీల్డ్ గోల్ ఒకటి. ఇరవయ్యోది బేర్స్ చొక్కాలో రాలేదు. 2013లో ఆయన్ని కేవలం రిటర్నర్‌గా వాడుకున్నారు. నేనన్నట్టే కికాఫ్ రిటర్న్ యార్డుల్లో లీగ్ మొత్తానికి మొదటివాడయ్యాడు. అయినా వదిలేశారు. 2014 సెప్టెంబర్‌లో అట్లాంటా ఫాల్కన్స్‌కి ఆడుతూ టాంపా బే మీద 62 యార్డుల పంట్ రిటర్న్‌తో డియాన్ శాండర్స్ 19 రికార్డు దాటాడు. డియాన్ లాగే మోకాళ్ళు ఎత్తి అడుగులేస్తూ ఎండ్ జోన్‌లోకి వెళ్ళాడు. డియాన్ లెక్కలో డిఫెన్స్‌లో లాక్కున్న బంతులతో చేసినవి కూడా ఉన్నాయి. హెస్టర్‌వి ఇరవైకి ఇరవై అవతలివాడు తన్నిన బంతులే.

ఇక మీ ప్రశ్నలో అర్హత లేనివాళ్ళకు దారి తెరిచినట్టు అవుతుందేమో అన్నారు. తెరవాలనే నా కోరిక. రిటర్నర్ బ్రయాన్ మిచెల్ ఇంకా బయటే ఉన్నాడు. కికాఫ్‌ల మీద 14,014 యార్డులు, పంట్‌ల మీద 4,999. అన్ని రకాల యార్డులూ కలిపితే 23,330, ఆయన పైన ఉన్నది జెర్రీ రైస్ ఒక్కడే. అలాంటి మనిషిని పక్కన పెట్టి, నాలుగైదు సార్లే బంతి పడతాడు కదా అనే ఓటర్లను ఒక్కసారి పంట్ కింద నిలబెట్టాలి. పైనుంచి బంతి తిరుగుతూ దిగుతుంటే, ఎదురుగా వాళ్ళు పూర్తి వేగంతో వస్తుంటే, కళ్ళు ఆకాశంలో పెట్టుకుని ఫెయిర్ క్యాచ్‌కి (నేను పరిగెత్తను, నన్ను కొట్టొద్దు అనే సైగ) చెయ్యి ఎత్తకుండా నిలబడమనాలి. తర్వాత ఓటు వేయమనండి.