గాలి సోకిందా, పుస్తకం చెడగొట్టిందా?

పాత కథల్లో మనుషులు ప్రాణాలు తీసుకుంటే దానికి కారణం ఏమని రాసేవాళ్లు, జనం నిజంగా అలాగే నమ్మేవాళ్లా అని అడిగారు. నేను పరిశోధకుణ్ణేం కాదు, కావలిలో ఇంగ్లీషు ట్యూషన్లు చెప్పుకునేవాణ్ణి. కానీ ఈ ప్రశ్న నాకు మా వీధిలోనే ఎదురైంది.

నాకు పదేళ్లప్పుడు మా వీధికి కొత్తగా కాపురానికొచ్చిన ఒకామె అలాగే పోయింది. అరుగు మీద చింతపండు గింజలు తీస్తున్న మా అమ్మమ్మా, మిగతా ఆడవాళ్లూ అందరిదీ ఒకటే మాట, 'గాలి సోకిందమ్మే, మిట్టమధ్యాహ్నం ఒంటరిగా తిరిగితే ఇంకేమవద్ది' అని. ఆ అత్తింట్లో ఏం జరిగేదో వీధికంతా తెలుసు, అయినా ఒక్కరూ ఆ ఊసెత్తలేదు.

తర్వాత డిగ్రీలో షేక్‌స్పియర్ నాటకం హామ్లెట్ చదువుతూ సమాధి తవ్వేవాళ్ల దగ్గర ఆగిపోయా. తనే ప్రాణం తీసుకుందేమోనన్న అనుమానమున్న ఒఫీలియాకు మతాచారం ప్రకారం ఖననం దక్కొచ్చా అని వాదించుకుని, పెద్దింటి పిల్ల కాబట్టి దక్కింది, లేకపోతేనా అని తేల్చేస్తారు. అప్పటి ఇంగ్లండులో అది పాపమే కాదు, నేరం కూడా. పోయినవాళ్ల సొత్తు రాజుకు పోయేది, మతి చలించిందని తేలితేనే వదిలేవాళ్లు. అంటే పిచ్చి అన్నమాటే ఆ కుటుంబాన్ని కాపాడేది. మా వీధిలో గాలి కూడా కాపాడింది, కాకపోతే అత్తింటివాళ్లని.

1774లో జర్మన్ రచయిత గోథే నవల 'వెర్థర్', ప్రేమ ఫలించక ప్రాణం తీసుకున్న కుర్రాడి కథ, వచ్చాక నింద నవల మీద పడింది. కుర్రాళ్లు చెడిపోతున్నారని జర్మనీలోని లీప్‌జిగ్‌లో పుస్తకంతో పాటు వెర్థర్ వేసుకునే తరహా బట్టల్ని కూడా నిషేధించారు (ఇప్పుడు సెల్‌ఫోన్‌ని తిట్టినట్టే). అయితే అది ఉత్త వెర్రి భయమేం కాదు. ఆత్మహత్య వార్తలు పెద్దగా అచ్చయితే తర్వాత అలాంటి మరణాలు పెరుగుతున్నాయని 1974లో డేవిడ్ ఫిలిప్స్ అనే అమెరికా సామాజిక శాస్త్రవేత్త లెక్కలు తీసి, దానికి వెర్థర్ పేరే పెట్టాడు.

మనవాళ్లలో నాకు గురజాడ పూర్ణమ్మే గుర్తొస్తుంది. చివర్లో ఆ పిల్ల దుర్గను చేరిందనే రాశాడు, పాత నమ్మకాన్ని చెరపలేదు. కానీ డబ్బుకు లొంగి ముసలాడికి కట్టబెట్టిన సంగతి అంతకుముందే దాచకుండా చెప్పేశాడు. సెలవుల్లో అది అమ్మమ్మకు చదివి వినిపించా. అదే అరుగు, అదే చింతపండు. దుర్గ గురించి ఒక్క ముక్క అనలేదు. కాసేపాగి, 'ఇంతకీ ఆ నాయన ఎంత తీసుకున్నాడంటరా?' అంది.