బుజ్జీ, ఆ రెక్కను మళ్లీ కాల్చకు

సికింద్రాబాద్

చి. బుజ్జికి,

మావయ్య ఆశీస్సులు. మెత్తని, తేలికైన బాల్సా చెక్కతో నువ్వు కడుతున్న మోడల్ విమానం రెక్క ఫొటోలు చూశాను. మీ అత్తయ్య కూడా కళ్లజోడు పెట్టుకుని మరీ చూసి, "ఎండబెట్టిన వంకాయ వరుగులా ఉందేమిటండీ?" అంది. బాధపడకు. నా మొదటి రెక్కను చూసి మా అమ్మ అంతకన్నా పెద్ద మాటే అంది.

"హీట్ గన్ పెడితే ముడతలు పోతున్నాయి మావయ్యా, తెల్లారేసరికి మళ్లీ వస్తున్నాయి" అని రాశావు. ముందు వేడి గాలి ఊదే ఆ హీట్ గన్ తీగ ప్లగ్గులోంచి పీకెయ్. నువ్వు చేస్తున్న పని ఏమిటో చెబుతాను. రెక్క మీద నువ్వు అంటించిన ఈ కవరింగ్ పాలియెస్టర్ ఫిల్మ్, అంటే జిగురున్న పల్చని ప్లాస్టిక్ పొర. తయారుచేసేటప్పుడే దాన్ని పొడుగుకీ అడ్డానికీ లాగి, ఆ బిగువు లోపల ఉండగానే చల్లారుస్తారు. వేడి తగిలితే ఆ పాత కొలతకు వెళ్లాలని చూస్తుంది, అందుకే ముడుచుకుంటుంది. కానీ ఆ ముడుచుకునే గుణానికి ఒక హద్దు ఉంది. పర్సులో డబ్బు లాంటిదది. ఒకసారి ఖర్చయిందా, ఇక ఎంత కాల్చినా రాదు. నువ్వేమో రోజూ కొంచెం కొంచెం ఖర్చుపెడుతున్నావు. పైగా గన్ వేడికి అంచుల దగ్గర జిగురు కూడా కరుగుతోంది. ఫిల్మ్ బిగిసే బదులు అంచే లోపలికి జారుతోంది. రాత్రి బాగానే కనిపించి పొద్దున్నకి వదులవడానికి అదీ కారణం. జబ్బు అంచులో ఉంటే నువ్వు మందు నడుమకు రాస్తున్నావు.

మూడో ఫొటో పెద్దది చేసి చూడు. రెక్క మొదట్లో, వెనక అంచు మూల నుంచి నాలుగు గీతలు ఏటవాలుగా రిబ్బుల మీదుగా, అంటే రెక్క లోపలి అడ్డ చెక్కల మీదుగా పోతున్నాయి కదా? ముడత ఎప్పుడూ లాగుడు ఉన్న దిక్కునే పడుతుంది. అంటే ఆ మూలను గట్టిగా లాగావు, దానికి అడ్డదిశలో వదిలేశావు. ముడతను చూసి దానికి అడ్డంగా లాగాలి, పొడుగునా లాగితే ఇంకాస్త పెరుగుతుంది. ఈ ఒక్క సంగతి నాకు తెలియడానికి మూడు రెక్కలు పట్టింది.

ఆ పై ఫిల్మ్ తీసెయ్. చల్లగా ఉన్నప్పుడు పీకితే బాల్సా పోగులు దాంతోపాటే లేచి వస్తాయి. ఇస్త్రీ పెట్టె సన్న వేడి మీద ఉంచి, అంచును ముందు వెచ్చజేస్తూ, ఫిల్మ్‌ను వెనక్కి మడిచి నెమ్మదిగా లాగు. రంగు కొంచెం చెక్కకు అంటుకుని ఉండిపోతుంది. పోనీ, దాని మీద ముదురు రంగు వేద్దువుగాని.

ఇక చెక్క సంగతి. ఫిల్మ్ అద్దం లాంటిది, కింద ఉన్నదంతా చూపిస్తుంది. 220 నంబరు ఉప్పు కాగితం, దాని తర్వాత 320, ఆఖర్న 400. చేత్తో పట్టుకుని రుద్దితే వేళ్ల గుంటలు పడతాయి, ఒక చదునైన చెక్కదిమ్మకు చుట్టి రుద్దు. ఫెవిక్విక్ చుక్కలు గడ్డకట్టిన చోట మాత్రం జాగ్రత్త. ఆ జిగురు రాయి, దాని పక్కన బాల్సా వెన్న. మామూలుగా రుద్దితే చుట్టూ ఉన్న చెక్క అరిగిపోయి జిగురు గుట్టలా నిలుస్తుంది. ముందు కొత్త బ్లేడుతో ఆ గుట్టను చెక్కేసి, తర్వాత కాగితం పట్టు. గోరు పడి సొట్టయిన చోట ఒక్క నీటిచుక్క పెట్టి, ఆరే ముందు ఇస్త్రీ పెట్టె కొస తాకించు. ఆవిరికి చెక్క ఉబ్బి లేస్తుంది.

పొడి మొత్తం పోవాలి. ఊదితే పోదు, ఎగిరి మళ్లీ అక్కడే కూర్చుంటుంది. వాక్యూమ్ ఉంటే మంచిది. లేకపోతే మెత్తని బ్రష్షు, ఆ తర్వాత పొడిగా ఉన్న నూలు గుడ్డ. పొడి మీద అంటించిన ఫిల్మ్ పొడికి అంటుకుంటుంది గానీ చెక్కకు కాదు.

మీ కాకినాడలో ఇంకో చిక్కుంది. వానాకాలం గాలికి బాల్సా నీరు పీల్చి ఉబ్బుతుంది. అలాంటి చెక్క మీద ఇస్త్రీ పెడితే లోపలి తేమ ఆవిరై ఫిల్మ్ పూరీలా పొంగుతుంది. పొంగకపోయినా, తర్వాత పొడి వాతావరణంలో చెక్క ముడుచుకుంటే పైన ఫిల్మ్ వదులైపోతుంది. అక్కడ కట్టి ఇక్కడికి తెచ్చిన మోడళ్లకు వేసవిలో ముడతలు రావడం నేను చాలాసార్లు చూశాను. కవరింగ్‌కు ముందు రెండు రోజులు ఫ్రేమ్‌ను ఏసీ గదిలో, చదునైన బల్ల మీద ఉంచు. ఎండలో పెట్టకు, ఒకవైపే ఆరి వంగుతుంది.

నీ దగ్గర కవరింగ్ ఐరన్ లేదు, హాస్టల్ ఇస్త్రీ పెట్టె ఉంది, అంతే కదా? అదే చాలు, ఆవిరి వచ్చేది కాకపోతే. ఓరాకవర్ అనే పాలియెస్టర్ రకానికి జిగురు పట్టేది సుమారు 100 నుంచి 120 డిగ్రీల మధ్య. ఫిల్మ్ బాగా బిగిసేది 150 దాటాక. పెట్టె డయల్ మీద డిగ్రీలుండవు. అందుకని ఫిల్మ్ తుంపును ఒక వృథా బాల్సా ముక్క మీద పెట్టి, డయల్ తక్కువ నుంచి కొంచెం కొంచెం పెంచు. అంటుకుంటోంది గానీ ముడుచుకోవడం లేదు అనే చోట పెన్సిల్‌తో ఒక గీత. తుంపు చుట్టుకుపోవడం మొదలైన చోట రెండో గీత. అట్లు పోసే ముందు పెనం మీద నీళ్లు చిలకరించి చూడమా, ఇదీ అంతే. పేరూ ఊరూ లేని చవక ఫిల్ముల్లో కొన్ని చాలా తక్కువ వేడికే కరిగిపోతాయి, నేనొకసారి అలాంటి చుట్ట కొని నిమిషంలో పెద్ద చిల్లు చేసుకున్నాను. కాబట్టి కొత్త చుట్ట తెరిచిన ప్రతిసారీ తుంపు పరీక్ష చెయ్యాల్సిందే. పెట్టె అడుగుకు పాత నూలు బనీను గుడ్డ తొడుగు, గీతలు పడవు.

రెక్కకు ముందు కింది వైపు వెయ్, తర్వాత పైది. అప్పుడు అతుకు కింద దాక్కుంటుంది. లేత రంగు ముందు, ముదురు రంగు దాని మీద. ఫిల్మ్‌ను చుట్టూ 5 సెంటీమీటర్లు ఎక్కువ కత్తిరించు. పొదుపు చేద్దామని అంగుళం వదిలితే పట్టుకుని లాగడానికి వేళ్లకు చోటుండదు. వెనకున్న పారదర్శక పొర తీయడం మర్చిపోకు. నవ్వకు, నేను మర్చిపోయాను. మూలన అటొక టేపు ముక్క, ఇటొక టేపు ముక్క అంటించి విడదీస్తే ఊడి వస్తుంది.

ఇప్పుడు అసలు పని. మన అమ్మమ్మ ఇంట్లో నులక మంచం బిగించడం చూశావు కదా, ఒక మూల నుంచి మొదలుపెట్టి చివరిదాకా ఒకేసారి లాగేయరు. ఒక వైపు కొంత, ఎదురు వైపు కొంత. మొదటి గీత వేడి మీద, రెక్క మొదట్లో నడిమి బిందువు దగ్గర పెట్టె కొసతో ఒక్క చోట అంటించు. రెక్క చివరకు వెళ్లి, ఎడమ చేత్తో ఫిల్మ్ లాగి పట్టుకుని, అక్కడా నడుమ ఒక్క చోట. తర్వాత ముందు అంచు మధ్యలో ఒకటి, వెనక అంచు మధ్యలో ఒకటి. నాలుగు చుక్కలయ్యాయి. ఇక నడుమ నుంచి మూలల వైపు, ముందు అంచున నాలుగు వేళ్ల వెడల్పు, ఎదురుగా వెనక అంచున నాలుగు వేళ్ల వెడల్పు, ఇలా మార్చి మార్చి పో. మూలలు ఆఖర్న. రిబ్బుల జోలికి ఇప్పుడే వెళ్లకు. ఎక్కడైనా ముడత వస్తే ఆ చుక్కను వెచ్చజేసి ఊడదీసి మళ్లీ లాగు. గన్ తీస్తే పోతుందిలే అనుకోకు. ఈ దశలోనే ఫిల్మ్ దాదాపు నున్నగా ఉండాలి, వేడితో బిగించడం చివరి పిసరు కోసమే.

చుట్టూ అయ్యాక అంచు మొత్తం ఇంకోసారి పెట్టెతో నొక్కుకుంటూ పో. బట్టలకు రుద్దినట్టు రుద్దకు. నొక్కు, ఆగు, జరుపు. పెట్టె తీసిన వెంటనే చల్లని గుడ్డతో అదిమి పడితే జిగురు గట్టిపడుతుంది. మిగిలిన ఫిల్మ్ కత్తిరించి అంచు కిందికి మడిచి అంటించు. పైది వేసేటప్పుడు అది కింది దాని మీద కనీసం 5 మిల్లీమీటర్లు ఎక్కాలి.

రెక్క చివర గుండ్రంగా ఉన్న భాగం దగ్గరే అందరూ ఏడుస్తారు. అక్కడ కత్తిరింపులు పెట్టి ముక్కలు ముక్కలుగా మడవాలని చూస్తావు, వద్దు. ఆ మిగులు ఫిల్మే నీ పిడి. చేతికి తొడుగు వేసుకుని, మిగులును గట్టిగా పట్టుకుని, బయటికీ కిందికీ కలిపి లాగుతూ, ఇంకో చేత్తో ఆ వంపు మీద వేడి చూపించు. ఒక క్షణానికి ఫిల్మ్ మెత్తబడి వేళ్ల కింద సాగినట్టు తెలుస్తుంది. అదే అదును. లాగుడు ఆపకుండా వేడి తీసేసి, చల్లారేదాకా పట్టుకో. వంపు నున్నగా వస్తుంది. అప్పుడు రెండు వేళ్ల వెడల్పు పక్కకు జరుగు. ఇద్దరుంటే సుఖం, మీ రూమ్మేట్‌ను పిలిచి గన్ ఆమె చేతికివ్వు.

బిగించడం డప్పు కాచినట్టే. మంట చూపించి తీస్తూ ఉంటారు తప్ప, ఒకచోట పెట్టి కూర్చోరు. పై వైపు కొంచెం, తిప్పి కింది వైపు కొంచెం. ఒకే వైపు పూర్తిగా బిగిస్తే రెక్క మెలి తిరుగుతుంది. నా రెండో మోడల్ అలా మెలి తిరిగిందని నేను చూసుకోలేదు. చేతిలోంచి వదిలిన మూడో సెకనుకే ఎడమకు పొర్లి రేగడి నేలలో ముక్కు గుచ్చుకుంది. రెక్కను బల్ల మీద పెట్టి నాలుగు మూలలూ చూసుకో. మెలి ఉంటే దానికి ఎదురు దిక్కున కొంచెం ఎక్కువే తిప్పి పట్టుకుని, రెండు వైపులా వేడి చూపించి, అలాగే చల్లారనివ్వు. బిగిశాకే రిబ్బుల మీద పెట్టెను తేలిగ్గా నడిపి అంటించు.

బాల్సా పలక కప్పిన భాగాలకు మాత్రం లెక్క తిరగబడుతుంది. అక్కడ అంచులు ముందు మూసేస్తే గాలి లోపలే చిక్కుతుంది. నడుమ నుంచి బయటికి నొక్కుకుంటూ రా. బుడగ మిగిలితే సన్న సూదితో ఒక్క పోటు పొడిచి, వెచ్చజేసి, గుడ్డతో అదుము. ఫ్యూజలాజ్, అంటే విమానం మొండెం, అంతా ఇలాంటి పలకే కాబట్టి దాని గురించి వేరే చెప్పను. కింద, పక్కలు, పైన, ఆ వరుస.

రిబ్బుల మధ్య గదులు పూర్తిగా మూసుకుపోయి ఉంటే ఒక్కోదానికి కింది వైపు సూది రంధ్రం పెట్టు. ఎండలో లోపలి గాలి వ్యాకోచించి ఫిల్మ్‌ను ఉబ్బిస్తుంది. మే నెలలో మోడల్‌ను కారు వెనక అద్దం కింద పెట్టి టిఫిన్‌కు వెళ్లి, వచ్చి చూసుకున్నవాణ్ణి నేను. ఎంత బాగా వేసినా అలాంటి ఎండకు కాస్త వదులవుతుంది. అప్పటికి ఫిల్మ్‌లో ఇంకా బిగువు మిగిలి ఉంటే పెట్టెతో ఒక్క చుట్టు తిప్పితే సరి. అందుకే మొదటి రోజే మొత్తం బిగించేయకు.

నా దగ్గర పసుపు ఓరాకవర్ మీటరు పైగా మిగిలుంది, కొరియర్లో పంపిస్తున్నాను. ముందు రెక్క వెనక అంచున కదిలే పలకలకు, అదే ఎయిలరాన్లకు వెయ్. చిన్నవి, పాడైనా పోయేది జానెడు ఫిల్మే. వాటిని హింజ్‌లు పెట్టకముందే విడిగా కప్పాలి. రెండూ అయ్యాక ఫొటో పెట్టు, కిటికీ పక్కన ఏటవాలు వెలుతురులో తియ్, ఫ్లాష్ వెయ్యకు. ఫ్లాష్‌లో ముడతలు కనబడవు, నాకు తెలుసు నువ్వు వేస్తావని.

ఇట్లు,
మావయ్య