‘లైవ్ ఎట్ ది అపోలో’ రిప్‌లో తెగిపోతున్న చప్పట్లు

అమెరికన్ సోల్ గాయకుడు జేమ్స్ బ్రౌన్ కచేరీ ఎల్పీ (రెండు వైపులా పాటలుండే వినైల్ రికార్డు) ‘లైవ్ ఎట్ ది అపోలో’ను కంప్యూటర్‌లోకి ఎక్కిస్తే (రిప్ చేస్తే) పాటల మధ్య చప్పట్లు తెగుతున్నాయని అడిగారు. రికార్డుకేమీ కాలేదండీ. ఆడాసిటీలో (ధ్వనిని కోసి సరిచేసే సాఫ్ట్‌వేర్) పాటలుగా కోసి ఎంపీ3 చేశాక ప్రతి పాటకూ ముందు క్షణం నిశ్శబ్దం వస్తోందన్నారు కదా, అది ఎంపీ3 స్వభావం. 1152 శాంపిళ్ల (ధ్వని కొలతల) ఫ్రేములుగా కుదిస్తుంది కనుక మొదట్లో, చివర్లో ఖాళీ చేరుతుంది. పాటల మధ్య ఎలాగూ ఖాళీ ఉండే స్టూడియో ఆల్బమ్‌లో ఎవరికీ తెలియదు. ఇక్కడ జనం కేకల మధ్య గొయ్యిలా వినిపిస్తుంది.

ఫ్లాక్‌లో (ధ్వనిలో ఏదీ పోకుండా కుదించే ఫార్మాట్) ఎక్స్‌పోర్ట్ చేయండి. ప్లేయర్‌లో గ్యాప్‌లెస్ (పాటల మధ్య ఖాళీ లేకుండా వాయించడం) ఆన్, క్రాస్‌ఫేడ్ (ఒకటి తగ్గుతుండగా మరొకటి పెరుగుతూ కలవడం) ఆఫ్. సీడీ రాయాలంటే 44,100 హెర్ట్జ్ (సెకనుకు 44,100 శాంపిళ్లు) దగ్గర కోతలు 588 శాంపిళ్ల (సీడీలో ఒక సెక్టార్) గుణిజాల్లో పడాలి, లేకపోతే మిగతాది సున్నాలతో నిండి టిక్కుమంటుంది. నార్మలైజ్ (శబ్దస్థాయి సరిచేయడం) మాత్రం పాటపాటకీ వద్దు, రికార్డు రెండు వైపులకీ కలిపి ఒకే గెయిన్ (పెంపు). లేదంటే మెల్లని ‘ట్రై మీ’ కూడా అరిచినట్టే ఉంటుంది.

ఈ శ్రమ ఈ రికార్డుకు తగినదే. తెలిసిన పాటల కచేరీ ఎవరు కొంటారని కింగ్ రికార్డ్స్ అధినేత సిడ్ నేథన్ డబ్బు పెట్టలేదు. జేమ్స్ బ్రౌన్ సొంత ఖర్చుతో 1962 అక్టోబరు 24న న్యూయార్క్ హార్లెమ్‌లోని అపోలో థియేటర్‌లో రికార్డు చేయించాడు. 1963లో విడుదలై అమెరికా సంగీత పత్రిక బిల్‌బోర్డ్ ఆల్బమ్‌ల పట్టికలో రెండో స్థానానికి ఎక్కింది. రేడియోవాళ్లు ఒక వైపంతా ఆపకుండా వేసేవారు. ఆ ప్రవాహమే దీని ప్రాణం.

అసలు చిక్కు ‘లాస్ట్ సమ్‌వన్’. పది నిమిషాలు దాటిన పాట ఎల్పీలో రెండు వైపులకీ చీలింది. మొదటి వైపు చివరను, రెండో వైపు మొదలును జనం గోల ఉన్నచోటే ఒకటి రెండు సెకన్లు క్రాస్‌ఫేడ్ చేయండి, గొంతు మీద వద్దు. తాళం తప్పితే రెండో ముక్కను మిల్లీసెకన్లలో జరపండి. సీడీలో ఒకే ట్రాక్‌గా ఉంది, పక్కన పెట్టుకుని పోల్చుకోండి.