రిలేలో తొడ కొట్టినందుకు జట్టుపై అనర్హత, బాలుడిపై ఏడాది నిషేధం: ఏది చెల్లుతుంది?

ప్రశ్న: లాయరు గారికి నమస్కారం. మాది రాజోలు దగ్గర ఒక లంక గ్రామం. మా అబ్బాయికి పదిహేనేళ్లు, జిల్లా పరిషత్ హైస్కూల్లో తొమ్మిదో తరగతి చదువుతున్నాడు. మూడు వారాల క్రితం డివిజన్ స్థాయి పోటీల్లో అండర్-17 బాలుర 4×100 రిలేలో చివరి వంద మీటర్లు వాడే పరిగెత్తాడు. వాళ్ల జట్టే మొదట వచ్చింది. గీతకు నాలుగడుగుల ముందు వెనక్కి తిరిగి తొడ కొట్టాడని రెఫరీ జట్టు మొత్తాన్ని డిస్‌క్వాలిఫై చేశారు. ఆ రెఫరీ రెండో స్థానంలో వచ్చిన బడి పీఈటీయే. ఆ తరువాత మా హెచ్‌ఎం గారు, పైవాళ్లు చెప్పారని, ఏడాదిపాటు ఏ ఆటకూ వాడి పేరు పంపబోమని అన్నారు. కాగితం మాత్రం ఇవ్వలేదు. ప్రార్థనలో అందరి ముందు గుంజీలు కూడా తీయించారు. మిగతా ముగ్గురు పిల్లల తల్లిదండ్రులు మమ్మల్నే అంటున్నారు. ఫోనులో తీసిన వీడియో పంపుతున్నాను. మేము కోర్టుకు వెళ్లవచ్చా? అసలు ఒకడు చేసిన పనికి నలుగురిని ఎలా శిక్షిస్తారు?

జవాబు: మీ ఉత్తరంలో రెండు వేర్వేరు నిర్ణయాలు ఒకదానితో ఒకటి కలిసిపోయి ఉన్నాయి. మొదటిది పోటీ జరిగిన రోజున మైదానంలో రెఫరీ తీసుకున్నది, రెండోది ఆ తరువాత బడిలో నోటిమాటగా వెలువడినది. చట్టం ఈ రెండింటినీ ఒకే కళ్లతో చూడదు. మొదటి నిర్ణయం విషయంలో మీకు దారి దాదాపు మూసుకుపోయింది, రెండో దాని విషయంలో మాత్రం మీ పక్షం గట్టిగా ఉంది. రెండింటినీ ఒకే దరఖాస్తులో కలిపి, పతకం తిరిగి ఇవ్వాలనీ నిషేధం ఎత్తివేయాలనీ ఒకే ఊపులో అడిగితే, బలహీనమైన వాదన బలమైన వాదనను కూడా కిందికి లాగుతుంది.

మీరు పంపిన వీడియోను నాలుగుసార్లు చూశాను. వానకు సున్నం గీతలు సగం చెరిగిపోయినా, మీ అబ్బాయి పరిగెత్తిన లేను, అంటే అతనికి కేటాయించిన పరుగు దారి, స్పష్టంగానే కనబడుతోంది. బేటను (రిలే కర్ర) కుడిచేతిలో ఉంది. గీత దగ్గరపడుతుండగా మెడ వెనక్కి తిప్పి, ఎడమచేత్తో ఎడమ తొడ మీద ఒక్క దెబ్బ వేశాడు. అడుగు లేను దాటలేదు, వెనక వస్తున్న అబ్బాయి పరుగుకు అడ్డు పడలేదు. గీత దాటిన తరువాత వంగి నేలను తాకి ఆ చేతిని కళ్లకు అద్దుకున్నాడు. వీడియో అంతే. కబడ్డీలో కూతకు వెళ్లేవాడు తొడ చరిస్తే ఎవరూ పట్టించుకోరు, పైగా చూసేవాళ్లు ఈలలు వేస్తారు. అయితే మన దగ్గర తొడ కొట్టడమంటే ఎదుటివాణ్ణి రమ్మని సవాలు చేయడమని పద్యనాటకం చూసిన ప్రతివారికీ తెలుసు కనుక, ఓడిపోతున్నవాడి ముఖంలోకి చూస్తూ ఆ పని చేస్తే కించపరచడమని రెఫరీ అనుకోవడంలో అర్థమే లేదని నేను అనలేను.

పాఠశాల పోటీలలో కూడా సాధారణంగా ప్రపంచ అథ్లెటిక్స్ సంస్థ నిబంధనలనే అనుసరిస్తారు. నిర్వాహకుల సర్క్యులర్‌లో ఏవైనా మార్పులు ఉంటే ఆ మేరకు అవి వర్తిస్తాయి. ఆ నిబంధనల ప్రకారం క్రీడాస్ఫూర్తికి విరుద్ధంగా లేదా అనుచితంగా ప్రవర్తించిన అథ్లెట్‌ను హెచ్చరించే అధికారం, పోటీనుంచి తొలగించే అధికారం రెఫరీకి ఉన్నాయి. హెచ్చరికకు పసుపు కార్డు, తొలగింపుకు ఎర్ర కార్డు చూపుతారు. ఏది అనుచితమో చెప్పే జాబితా అందులో లేదు. ఎవరి చెయ్యి ఎంత ఎత్తు లేస్తే తప్పవుతుందో ముందే రాసిపెట్టడం ఎవరి వల్లా కాదు కాబట్టి, ఆ తూకాన్ని అక్కడ నిలబడి చూస్తున్న మనిషికే వదిలేశారు. నేనే ఆ స్థానంలో ఉంటే పసుపు కార్డుతో సరిపెట్టి ఉండేవాణ్ణి. కానీ నిర్ణయం కఠినంగా ఉన్నంత మాత్రాన అది అధికారం లేని నిర్ణయం కాదు. మీ ఫిర్యాదులో ఈ తేడా ఎక్కడా కనబడలేదు కనుక చెబుతున్నాను.

ఒకడు చేసిన పనికి నలుగురిని ఎలా శిక్షిస్తారని మీరు ఉత్తరం చివర అడిగారు. రిలేలో ఫలితం వ్యక్తిది కాదు, జట్టుది. బేటను అందించుకునే హద్దు దాటినా, దారి తప్పినా, ప్రవర్తన కారణంగా తొలగించినా పోయేది జట్టు ఫలితమే. మిగతా ముగ్గురు అదే మీట్‌లో వంద, రెండు వందల మీటర్లో, లాంగ్ జంపో విడిగా ఆడి ఉంటే ఆ ఫలితాలకు దీనివల్ల ఎటువంటి హానీ లేదు. వారి తల్లిదండ్రులకు ఆ మాట చెప్పండి. ప్రవర్తన కారణంగా తొలగించిన అథ్లెట్ మాత్రం ఆ మీట్‌లో మిగిలి ఉన్న పోటీలలో కూడా పాల్గొనే వీలు ఉండదు. ఇక్కడ "ఆ మీట్‌లో" అన్న మాటను గుర్తుపెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరకు వస్తాను.

మైదానంలో జరిగిన నిర్ణయంపై అభ్యంతరం చెప్పడానికి నిబంధనలలోనే ఒక దారి ఉంది. ఫలితం అధికారికంగా ప్రకటించిన 30 నిమిషాల లోపల అథ్లెట్ గాని అతని తరఫువారు గాని రెఫరీకి నోటిమాటగా అభ్యంతరం చెప్పవచ్చు, దానిపై వచ్చిన నిర్ణయం నచ్చకపోతే జ్యూరీకి, అంటే అప్పీళ్లు వినే బృందానికి, రాతపూర్వకంగా, నిర్ణీత డిపాజిట్ చెల్లించి అప్పీలు చేసుకోవచ్చు. ఈ గడియారం ఎంత విలువైనదో తెలియాలంటే 2023 అక్టోబరు 1న హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజి 100 మీటర్ల హర్డిల్స్ పోటీని గుర్తు చేసుకోండి. పక్క లేనులోని చైనా క్రీడాకారిణి ముందుగా కదిలితే, ఇద్దరినీ తప్పించబోయారు. జ్యోతి స్టార్టింగ్ బ్లాకుల దగ్గరే నిలబడి వాదించింది, చివరికి ఇద్దరినీ పరిగెత్తనిచ్చారు. పోటీ ముగిశాక చైనా అమ్మాయిపై అనర్హత వేటు పడి, జ్యోతి కాంస్యం రజతమైంది. ఆమె ఆ క్షణంలో ట్రాక్ దిగి వెళ్లిపోయి, మూడు వారాల తరువాత ఉత్తరం రాసి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోండి. మీ బడి పీఈటీ ఆ రోజు అరగంటలో అభ్యంతరం చెప్పినట్టు గాని, జ్యూరీకి అప్పీలు ఇచ్చినట్టు గాని మీ ఉత్తరంలో లేదు.

రెఫరీ ప్రత్యర్థి బడి ఉపాధ్యాయుడన్నది మీ ఉత్తరంలోకెల్లా కదిలించే వాక్యం. తన పిల్లల గెలుపు మీద తానే తీర్పరిగా కూర్చోరాదన్నది సహజ న్యాయసూత్రం, అందులో సందేహం లేదు. అయితే డివిజన్ స్థాయి పోటీలకు బయటినుంచి అధికారులు రారు. పాల్గొన్న బడుల పీఈటీలే ఒకరు స్టార్టరుగా, ఒకరు టైం కీపరుగా, ఒకరు రెఫరీగా పని పంచుకుంటారు. వేరే దారి లేనప్పుడు ఈ ఏర్పాటును కోర్టులు ఆవశ్యకత సూత్రం కింద సహిస్తాయి. అంతకంటే పెద్ద చిక్కు మరొకటి ఉంది. తీర్పరి పక్షపాతి అని తెలిసి కూడా ముందే అభ్యంతరం చెప్పకుండా, ఫలితం ఎదురు తిరిగాక చెబితే ఆ హక్కును వదులుకున్నట్టేనని సుప్రీం కోర్టు 1957లోనే మాణక్‌లాల్ కేసులో చెప్పింది. పరుగు మొదలుకాకముందు ఆ రెఫరీ ఎవరో మీ వాళ్లందరికీ తెలుసు.

పైగా ఆట జరుగుతున్నప్పుడు తీసుకున్న నిర్ణయాలను తిరగదోడడానికి న్యాయస్థానాలు సహజంగా ఇష్టపడవు. లౌసాన్‌లోని అంతర్జాతీయ క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానం కూడా లంచం, దురుద్దేశం, ఇష్టారాజ్యం వంటివి రుజువైతే తప్ప మైదానంలోని నిర్ణయం జోలికి వెళ్లదు. కేరళలో పాఠశాల కళోత్సవం ఫలితాల మీద ఏటా హైకోర్టు దాకా వెళ్లే అలవాటు ఉంది. ఆ అలవాటు కోనసీమకు పాకకపోతేనే మంచిదని నా అభిప్రాయం. కనుక పతకం సంగతి ఇక్కడితో వదిలేయండి.

ఇప్పుడు నిషేధం. రెఫరీ అధికారం ఆ మీట్‌తో మొదలై ఆ మీట్‌తోనే ముగుస్తుంది. ఆ తరువాత ఏడాదిపాటు, అదీ పరుగుపందెంలో జరిగిన దానికి కబడ్డీ, వాలీబాల్, ఖోఖోలతో సహా అన్ని ఆటలనుంచి ఒక బాలుణ్ణి దూరంగా ఉంచాలంటే, ఆ శిక్ష వేసే అధికారం ఫలానా వారికి ఫలానా నిబంధన కింద ఉందని చూపించగలగాలి. "పైవాళ్లు" అన్నది చట్టంలో ఏ అధికారి పేరూ కాదు. అధికారం ఉన్నా సరే, శిక్షకు ముందు ఆరోపణ ఏమిటో చెప్పి, అబ్బాయి మాట, తండ్రిగా మీ మాట వినాలి. విన్నాక కారణాలతో కాగితం మీద పెట్టాలి. మొహిందర్ సింగ్ గిల్ కేసులో 1977లో సుప్రీం కోర్టు చెప్పిన సూత్రం ప్రకారం, ఉత్తర్వు ఇచ్చిన నాడు అందులో లేని కారణాలను తరువాత అఫిడవిట్లతో అతికించి నిలబెట్టడం కుదరదు. మీ విషయంలో కారణాల సంగతి అటుంచి, అసలు ఉత్తర్వే లేదు. ఒక్క తొడ దెబ్బకు ఏడాది పాటు అన్ని ఆటలూ మాన్పించడం తప్పుకు తగిన శిక్షేనా అన్న వాదన వీటన్నిటి తరువాత వస్తుంది. అది కూడా మీకే అనుకూలం.

అందువల్ల మొదట ప్రధానోపాధ్యాయునికి ఒక దరఖాస్తు ఇవ్వండి. అందులో మూడే అడగండి: నిషేధపు ఉత్తర్వు నకలు, దానిని జారీ చేసిన అధికారి పేరు, దానికి ఆధారమైన నిబంధన. అవి లేని పక్షంలో రాబోయే ఎంపికలకు మీ అబ్బాయి పేరు పంపవలసిందని కోరండి. పతకం గురించి, రెఫరీ గురించి ఒక్క వాక్యం కూడా రాయవద్దు. నకళ్లను ఉప విద్యాశాఖాధికారికి, జిల్లా విద్యాశాఖాధికారికి పంపండి. మీ దగ్గర ఉంచుకునే ప్రతి మీద తేదీతో ఆఫీసు ముద్ర వేయించుకోవడం మరచిపోవద్దు, ఎందుకంటే మా దగ్గరకు వచ్చే కేసులలో సగం "ఇచ్చాం గానీ రసీదు తీసుకోలేదండీ" అన్న మాటతోనే నీరసిస్తాయి. అదే రోజున సమాచార హక్కు చట్టం కింద మీట్ సర్క్యులర్, రెఫరీ నివేదిక, జ్యూరీ కూర్చుని ఉంటే దాని నిర్ణయం కోరుతూ వేరే కాగితం పెట్టండి. దానికి 30 రోజులలో సమాధానం ఇవ్వాలి.

జవాబు రాకపోతే గాని, నిషేధాన్ని సమర్థిస్తూ వస్తే గాని, రాజ్యాంగం 226వ అధికరణం కింద అమరావతిలోని హైకోర్టులో రిట్, అంటే ప్రభుత్వ సంస్థల చర్యను ప్రశ్నించే పిటిషను, వేయవచ్చు. జిల్లా పరిషత్ హైస్కూలు స్థానిక సంస్థ నడిపేది కనుక రిట్ నిలుస్తుందా లేదా అన్న మొదటి గొడవ మీకు ఉండదు. అబ్బాయి మైనరు కాబట్టి అతని తరఫున తండ్రిగా మీరు వేయాలి. ఖర్చు గురించి భయపడకండి. న్యాయసేవల ప్రాధికార సంస్థల చట్టం, 1987లోని 12వ సెక్షను ప్రకారం బాలబాలికలకు, కుటుంబ ఆదాయంతో సంబంధం లేకుండా, ఉచిత న్యాయ సహాయం లభిస్తుంది. 15100 నంబరుకు ఫోను చేసినా దారి చెబుతారు.

వీడియో గురించి ఒక జాగ్రత్త. మీరు నాకు వాట్సాప్‌లో పంపినది కుదించిన నకలు. అసలు ఫైలు మీ ఫోనులోనే ఉండాలి. భారతీయ సాక్ష్య అధినియమం, 2023లోని 63వ సెక్షను ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డు నకలును సాక్ష్యంగా పెట్టేటప్పుడు నిర్ణీత ధ్రువపత్రం జతచేయాలి. దసరాకో సంక్రాంతికో ఫోను మార్చే ఆలోచన ఉంటే కొన్నాళ్లు ఆపండి.

గుంజీల సంగతి చిన్నది కాదు. విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షను శారీరక శిక్షను, మానసిక వేధింపును నిషేధిస్తోంది. ఆ చట్టం పద్నాలుగేళ్ల వరకే అని బడివారు వాదించవచ్చు. అప్పుడు పద్దెనిమిదేళ్లలోపు వారందరికీ వర్తించే బాలల న్యాయ చట్టం, 2015లోని 75వ సెక్షను ఉంది. కానీ ఇప్పుడే పోలీసు స్టేషను మెట్లెక్కమని నేను సలహా ఇవ్వను. అదే బడిలో మీ అబ్బాయి ఇంకా పదో తరగతి చదవాలి. జరిగిన తేదీ, చూసినవారి పేర్లు ఒక కాగితం మీద రాసి దాచుకుని, జిల్లా విద్యాశాఖాధికారికి పంపే నకలుతోపాటు విడిగా ఒక ఫిర్యాదు జతచేస్తే ప్రస్తుతానికి చాలు.

ఆలస్యం మాత్రం చేయవద్దు. ఎంపికలు ముగిసిన తరువాత రిట్ విచారణకు వస్తే, ఇక చేయడానికి ఏమీ మిగలలేదని చెప్పి కొట్టివేస్తారు. తరువాతి ఎంపికల తేదీ ప్రకటన వెలువడగానే, మీ దరఖాస్తుకు జవాబు వచ్చినా రాకపోయినా, ముద్ర వేసిన నకలు, అబ్బాయి జనన ధ్రువపత్రం, బడి గుర్తింపు కార్డు పట్టుకుని న్యాయవాదిని కలవండి. తుది తీర్పుకు లోబడి అబ్బాయిని ఎంపికలలో పాల్గొననివ్వాలని మధ్యంతర ఉత్తర్వు కోరుతూ, రిట్‌తోపాటే మరో పిటిషను వేయవలసి ఉంటుంది.