తెల్లగడ్డలు దంచిన రాతి కడ్డీ: ఒక యువ రచయిత్రికి లేఖ

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

కడప జిల్లా తుమ్మలపల్లె యురేనియం అన్వేషణ మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి, చీకటి బోరులోంచి యురేనియం ఆకుపచ్చని కాంతులీనుతూ బయటపడిందన్న వాక్యం దగ్గర కాగితాలు పక్కన పెట్టేశాను. మళ్లీ తీయడానికి కారణం ఏడో పేజీలో నువ్వు ఒక్క ముక్కలో చెప్పి వదిలేసిన సంగతి: రిగ్గు మీద కూలికి పోయిన మీ తాత తెచ్చిన గుండ్రటి రాతి కడ్డీతో మీ అవ్వ ఇరవై ఏళ్లు తెల్లగడ్డలు దంచిందని రాశావు. ఆ వాక్యం నన్ను రెండు రాత్రులు నిద్రపోనివ్వలేదు.

ముందు ఆ వెలుగు సంగతి తేల్చాలి. తుమ్మలపల్లె ఖనిజం బూడిదరంగు డోలోమైటు, అంటే మెగ్నీషియం కలిసిన సున్నపు జాతి రాయి. అందులో యురేనియం ఖనిజాలు కంటికి ఆననంత సన్నటి రేణువులుగా, ఫాస్ఫేటుతో కలగలిసి ఉంటాయి. వాటి పాలు సుమారు 0.04 శాతం, అంటే టన్ను రాయిలో అరకిలో కూడా ఉండదు. ఖనిజమున్న ముక్కను, లేని ముక్కను పక్కపక్కన పెడితే ముప్ఫై ఏళ్ల అనుభవమున్న భూగర్భ శాస్త్రజ్ఞుడైనా పరికరం లేకుండా తేల్చి చెప్పలేడు. ఇంత మామూలుగా కనిపించే రాయి కోసం అంతమంది అన్నేళ్లు తిరిగారన్నదే నీ కథలోని బలం, ఆ బలాన్ని నువ్వు ఒక్క విశేషణంతో పోగొట్టుకున్నావు.

నా నమ్మకం ఒక్కటే, దాన్ని ఎన్నిసార్లైనా చెబుతాను. భూమిని గురించి రాసేవాడు, రాయిని కోసే రిగ్గు బిట్టు ఒక్కో పొరా దాటి దిగినట్టు దిగాలి. నువ్వు "రెండు వందల కోట్ల ఏళ్ల క్రితం కడప ప్రాంతం సముద్రం" అని మొదలుపెట్టి, తరువాతి పేరాలో నేరుగా ఖనిజం దగ్గరకు దూకావు. అక్కడ బోరు వేసినవాళ్లకు ఆ సౌకర్యం లేదు. వాళ్లకు ముందు చెకుముకి కలిసిన సున్నపురాయి తగిలింది, దాని కింద బురద గట్టిపడిన షేలు, ఆ తరువాతే ఖనిజం పట్టిన డోలోమైటు. ఆ డోలోమైటులోనైనా యురేనియం రెండు పట్టీలుగా ఉంది, నడుమ కొద్ది మీటర్ల మందాన దాదాపు వట్టి రాయి. ఇంకా దిగితే గులకలు అతుక్కున్న పొర, దాని కింద దిట్టమైన సున్నపురాయి. ఇదంతా వేంపల్లె పేరు మీద పిలిచే రాతి వరుస. దాని అడుగున ఇసుకరాయి గట్టిపడిన గుల్చెరు క్వార్ట్జైటు, అన్నిటికీ అడుగున గ్రానైటు. పొరలు ఈశాన్యం వైపు సుమారు 15 డిగ్రీలు వాలి ఉన్నాయి కాబట్టి వాలు దిశలో 100 మీటర్లు జరిగి బోరు వేస్తే అదే పొర మరో 27 మీటర్లు లోతున దొరుకుతుంది. ఆ అదనపు మీటర్లన్నీ వట్టి రాయే. వాటిని కూడా తవ్వి, పైకి తీసి, కడిగి, పెట్టెలో పేర్చి, పుస్తకంలో రాసుకున్న మనుషులు నీ వ్యాసంలో ఒక్కరూ లేరు.

వరుస ఎందుకంత ముఖ్యమో నాకు చదువు నేర్పలేదు, ఒక పొరపాటు నేర్పింది. ఇరవై నాలుగో ఏట ఒక డ్రిల్లింగ్ పనిలో సహాయకుడిగా ఉండగా కోరు పెట్టె, అంటే బోరులోంచి తీసిన రాతి కడ్డీలను లోతు వరుసలో పేర్చే పెట్టె, నా చేతుల్లోంచి జారి పడింది. రాతి కడ్డీలు గడ్డిలో చెల్లాచెదరయ్యాయి. విరిగిన అంచులు ఒకదానికొకటి అతికినవాటిని అతికించి, అరిగిపోయి అతకని ముక్కలను ఉజ్జాయింపుగా సర్ది, ఎవరికీ చెప్పకుండా మూత పెట్టాను. సాయంత్రం లాగింగుకు, అంటే ఏ లోతున ఏ రాయో చూసి రాసుకోవడానికి, వచ్చిన పెద్దాయన రెండు ముక్కలు తిప్పి చూసి, నన్నేమీ అనకుండా, ఆ నాలుగు మీటర్ల ఎదుట "వరుస నమ్మదగినది కాదు" అని రాసుకున్నారు. రాయి మొత్తం అక్కడే ఉంది, ఒక్క ముక్క పోలేదు, అయినా ఆ నాలుగు మీటర్ల భూమి పుస్తకంలో లేకుండా పోయింది. లోతు రాయి మీద రాసి ఉండదమ్మా, పెట్టెలో దాని చోటును బట్టే తెలుస్తుంది.

తరువాత ఆ అనుభవంతో నేను రాసిన తొలి పెద్ద వ్యాసాన్ని ఒక సంపాదకుడు మొదటి తొంభై మీటర్లూ కొట్టేసి, ఖనిజం దొరికిన చోటి నుంచి అచ్చు వేశారు. రాళ్ల పేర్లు చదివే ఓపిక పాఠకుడికి లేదన్నారు. రాగుల్లో, జొన్నల్లో ఎన్ని రకాలున్నాయో నోటికి చెప్పగల పాఠకుడికి రాళ్ల పేర్లు బరువవుతాయని ఆయన ఎలా నిర్ణయించారో నాకు ఈనాటికీ అర్థం కాలేదు, ఆ కోపం ఈనాటికీ తగ్గలేదు. ఇప్పుడు మరో ధోరణి వచ్చింది, ప్రతి అన్వేషణకూ ఒక వీరుణ్ణి నిలబెట్టడం. నువ్వూ 2007లో జరిగిన గని, మిల్లు శంకుస్థాపనకు రెండు పేజీలిచ్చి, దానికి ముందున్న కాలమంతా రెండు వాక్యాల్లో ముగించావు.

ఆ రెండు వాక్యాల్లో ఏమేం మునిగిపోయాయో చూడు. భూగర్భ శాస్త్రజ్ఞుడు విలియం కింగ్ కడప, కర్నూలు రాతి వరుసలకు పేర్లు పెట్టి గ్రంథం వెలువరించింది 1872లో. ఆయన పాపాఘ్ని అని పిలిచిన సమూహంలోనే మన డోలోమైటు ఉంది, కానీ అందులో యురేనియం ఉంటుందని ఆయన అనుకోవలసిన కారణం ఏదీ లేదు. దేశంలో అణు ఖనిజాల సర్వే సంస్థ 1949లో మొదలై, తరువాత హైదరాబాదు కేంద్రంగా స్థిరపడింది. 1951లో ఇప్పటి ఝార్ఖండ్‌లోని జాదుగూడ యురేనియం నిక్షేపం బయటపడింది. వేంపల్లె డోలోమైటులో యురేనియం ఉందని తేలేసరికి 1980లు వచ్చాయి. ఇంత ఆలస్యానికి రసాయన కారణం ఉంది. యురేనియం కార్బొనేటుతో కలిసి నీటిలో కరిగి తేలిగ్గా కొట్టుకుపోతుంది కనుక సున్నపు జాతి రాళ్లలో అది నిలిచి గట్టిపడుతుందని ఎవరూ ఆశించరు. ఇక్కడ ఫాస్ఫేటు, ఆక్సిజన్ లేని బురద దాన్ని పట్టి ఉంచాయి. 2012లో ఉత్పత్తి మొదలుపెట్టిన మిల్లు ఇదే గుణాన్ని తిరగేసి వాడుకుంటోంది: ఆమ్లం పోస్తే సున్నపు రాయే దాన్ని తాగేస్తుంది కాబట్టి, వేడిలో, ఒత్తిడిలో సోడియం కార్బొనేటు ద్రావణంతో యురేనియాన్ని మళ్లీ కరిగించి తీస్తారు. నీ పన్నెండు పేజీల్లో ఈ సంగతికి చోటు లేకపోవడం నాకు బాధ కలిగించింది.

ఇంకొక దిద్దుబాటు. బోరులోకి దించిన పరికరం "యురేనియాన్ని విన్నది" అని రాశావు. అది పట్టుకునే గామా కిరణాల్లో ఎక్కువ భాగం యురేనియం క్షయించగా పుట్టిన బిస్మత్ నుంచి వస్తుంది. తల్లి యురేనియం నీటితో తరలిపోయి, బిస్మత్ లాంటి సంతానం మాత్రమే మిగిలిన చోట్లు కూడా ఉంటాయి కాబట్టి, రాయిని ప్రయోగశాలకు పంపి తేల్చుకోక తప్పదు.

అందుకే మీ అవ్వ కడ్డీ దగ్గరకు వస్తున్నాను. ఖనిజం పట్టిన కోరును నిలువుగా రెండుగా చీల్చి, ఒక సగాన్ని పరీక్షకు పంపి, ఇంకో సగాన్ని పెట్టెలో దాస్తారు. మీ ఇంట్లోది గుండ్రంగా, నిండుగా ఉందని రాశావు. అంటే దాన్ని ఎవరూ చీల్చలేదు, అది దాదాపుగా వట్టి రాతి మీటర్ల నుంచి వచ్చి ఉంటుంది. కాలేజీ ల్యాబులో పలచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం అడిగి ఒక చుక్క వేసి చూడు. వెంటనే పొంగితే సున్నపురాయి, గోకిన పొడి మీద మాత్రమే నెమ్మదిగా పొంగితే డోలోమైటు, రెండూ కాకపోతే షేలో, క్వార్ట్జైటో. మీ తాత ఆరోగ్యంగా ఉంటే ఆ బోరు ఏ ఊరి పొలంలో వేశారో, ఆ ముక్కను పెట్టెలో ఏ మూల నుంచి పారేశారో అడుగు. ఆయన చెప్పిన మాట చెప్పినట్టే రాసుకుని, ఆ కడ్డీతోనే మొదలుపెట్టి వ్యాసం తిరగరాసి పంపు.

ఆశీస్సులతో.