సుంకాల దెబ్బకి హైదరాబాద్ తట్టుకోగలదా? బాలానగర్ షెడ్డులోంచి నా మాట

అమెరికా సుంకాలు పెంచుతోంది, చైనా కొన్ని సరుకులు బయటికి పోకుండా బిగిస్తోంది, ఇలాంటప్పుడు మన హైదరాబాద్ ఎవరి మీదా ఆధారపడకుండా నిలబడగలదా అని అడిగారు. పెద్ద పాలసీల సంగతి నాకు తెలీదు. బాలానగర్‌లో చిన్న మెషిన్ షాపు నాది, రెండు సీఎన్‌సీలు (కంప్యూటర్‌తో నడిచే మెషిన్లు), మూడు పాత లేత్‌లు, తొమ్మిది మంది పనివాళ్లు.

2025 జూన్‌లో అమెరికా స్టీలు మీద సుంకాన్ని 25 నుంచి 50 శాతానికి పెంచింది. నేను నేరుగా ఎగుమతి చేయను, ఒక ఎగుమతిదారుకి స్టీలు ఫిట్టింగులు టర్నింగ్ చేసి (లేత్ మీద తిప్పుతూ చెక్కి) ఇస్తాను. ఆగస్టులో ఆయన ఫోన్ చేసి "కొన్నాళ్లు ఆపు అన్నా" అన్నాడు. నా పనిలో సగం పైగా ఆయనదే. తప్పు నాదే లెండి, గుడ్లన్నీ ఒకే గంపలో పెట్టుకున్నాను.

ఇక జీడిమెట్ల, పాశమైలారం ఫార్మా కంపెనీల మెయింటెనెన్స్ వాళ్ల చుట్టూ తిరిగాను. ఒకచోట ప్యాకింగ్ మెషిన్‌లో క్యామ్ అనే తిరిగే భాగం అరిగిపోయింది, యూరప్ నుంచి కొత్తది రావాలంటే పది వారాలు. పాతది తెచ్చి కొలతలు తీసి, అలాంటిదే చేసి, పక్క వీధిలో గట్టిపడేలా హీట్ ట్రీట్‌మెంట్, వెనక వీధిలో గ్రైండింగ్ చేయించి పన్నెండు రోజుల్లో ఇచ్చాం. మొదటిది గట్టిదనం చాలక నెలకే అరిగింది, డబ్బు అడక్కుండా మళ్లీ చేసిచ్చాను. ఇప్పుడు అలాంటి పార్టీలు నాలుగున్నాయి. ఇన్ని పనులు నడిచిపోయే దూరంలో దొరకడం ఊరికే రాలేదు. 1960ల్లో ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్, 1968లో టూల్ డిజైన్ నేర్పే సీఐటీడీ ఇక్కడికొచ్చాయి, ప్రభుత్వ విమానాల కంపెనీ హెచ్‌ఏఎల్ కూడా ఇక్కడే ఉంది. ఐడీపీఎల్ మూతపడ్డా చేయి తిరిగినవాళ్లు ఇక్కడే మిగిలారు.

అలాగని అన్నీ ఇక్కడే చేసేస్తాం అంటే నమ్మకండి. లోహాన్ని కోసే కార్బైడ్ ఇన్సర్టులకి టంగ్‌స్టన్ కావాలి, దాని ఎగుమతికి 2025 ఫిబ్రవరిలో చైనా లైసెన్సులు పెట్టాక మాకు రేటు ఎక్కడికో పోయింది. దానికి నా దగ్గర మందు లేదు.

అయినా నన్ను ముంచేది సుంకం కాదండీ, బాకీ. 2006 చట్టం ప్రకారం మాలాంటి చిన్న యూనిట్లకి ఎంత లేటైనా 45 రోజుల్లో డబ్బు ఇవ్వాలి. నాకు వచ్చేది నాలుగో నెలలో. కంప్లయింట్ పెట్టొచ్చు, పెడితే ఆ పార్టీ మళ్లీ మొహం చూడదు. గడువులో చెల్లించకపోతే ఆ ఖర్చుకి ఆ ఏడాది ట్యాక్సులో మినహాయింపు రాదనే రూలు వచ్చాక కొందరు దారికొచ్చారు, ఒకాయన మాత్రం ఆ రూలు తప్పించుకోడానికి నా ఉద్యం రిజిస్ట్రేషన్ (చిన్న యూనిట్‌గా ప్రభుత్వం దగ్గర నమోదు) రద్దు చేసుకోమన్నాడు! లోకల్‌గా కొనండి అని చెప్పే పెద్ద కంపెనీలు ముందు లోకల్ బిల్లులు టైముకి కట్టాలి. అప్పుడు నేనే ఇంకో మెషిన్ కొంటాను, ఎవరి స్కీమూ అక్కర్లేదు.

పోయిన నెల ఆ ఎగుమతిదారు మళ్లీ ఫోన్ చేశాడు, పాత రేటు మీద ఎనిమిది శాతం తగ్గించమంటూ. ఒక్క మెషిన్‌కి సరిపడా పనే చేస్తానన్నాను.