వంశధార వలలో పడిన పెంకు చేప

ప్రశ్న: మా చిన్నాన్న వంశధారలో వేసిన వలకు ఒంటినిండా నల్లమచ్చలున్న ఒక చేప చిక్కింది. ఒళ్ళు కొబ్బరిచిప్పలా గరుకుగా ఉంది, ముళ్ళకు వల చిరిగింది. గట్టున పారేస్తే మర్నాడు ఉదయం కూడా కదులుతూనే ఉంది. దెయ్యం చేప అని ఎవరూ ముట్టుకోలేదు. ఇది విషపు చేపా? తిరిగి ఏట్లో వదిలేయవచ్చా?
– ఒక పాఠకుడు, గుణుపురం, రాయగడ జిల్లా

జవాబు: విషం లేదు, కానీ ఏట్లో మాత్రం వదలకండి. మీ వర్ణనను బట్టి అది అక్వేరియం దుకాణాలలో అద్దాల పాచి తింటుందని చెప్పి సక్కర్ ఫిష్ పేరుతో అమ్మే టెరిగోప్లిక్తిస్. కొన్నప్పుడు వేలెడంత ఉన్నది మూరెడు పెరిగేసరికి తొట్టి చాలదు. చంపడానికి మనసొప్పని యజమాని పుణ్యమనుకొని దాన్ని ఏ చెరువులోనో వదిలేస్తాడు.

దాని పుట్టిల్లు అమెజాన్. మనౌస్ నగరం దగ్గర ఆ నది మట్టం ఏటా సుమారు 10 మీటర్లు పెరిగి తగ్గుతుంది. వరద తీశాక మిగిలిన మడుగుల్లో ప్రాణవాయువు తగ్గినప్పుడు ఈ చేప పైకి వచ్చి గాలి మింగి, రక్తనాళాలు దట్టంగా అల్లుకున్న కడుపు గోడతో శ్వాసిస్తుంది. మన మార్పు చేపకూ గాలి పీల్చే నేర్పు ఉంది గాని, అందుకు దానికి మొప్పల దగ్గర వేరే అవయవం ఉంటుంది. గట్టున పడేసినా మీ చేప తెల్లారేదాకా బతికింది ఈ విద్యతోనే. వేసవిలో ఇసుక తేలి మడుగులే మిగిలే మన ఏళ్ళకు ఆ విద్య అతికినట్టు సరిపోతుంది.

జెల్లకు, వాలుగకు ఉండేది నున్నటి చర్మం. దీని ఒంటిమీద ఎముక పలకలు వరుసగా పేర్చినట్టు ఉంటాయి. తిరగేసి చూస్తే గుండ్రటి పీల్చుడు నోరు కనబడుతుంది. పొట్టమీద విడివిడి చుక్కలుంటే పార్డాలిస్ జాతి, పురుగు పాకినట్టు మెలికల గీతలుంటే డిస్‌జంక్టివస్. రెండింటి సంకరాలు కూడా ఉండటంతో ఈ గుర్తు ప్రతిసారీ పనికిరాదు. వెలుతురులో కంటిపాప మీదికి రెప్పలాంటి మడత దిగుతుంది. దెయ్యం పేరు రావడానికి ఆ చూపు చాలు!

అసలు నష్టం ఒడ్డుకు. గుడ్లు పెట్టడానికి ఇవి మట్టి ఒడ్డును తొలిచి, మీటరు లోతు దాకా బొరియలు చేస్తాయి. గుడ్లకు మగచేప కాపలా కాస్తుంది. బొరియలు ఎక్కువైన చోట ఒడ్డు విరిగి నీళ్ళలో పడుతుంది. హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రజ్ఞులు నీటిలో మిగిలే డీఎన్ఏను బట్టి, చేప కంటబడకపోయినా దాని జాడ పట్టే పద్ధతిని రూపొందించారు.

అమెజాన్ వాసులు దీన్ని పెంకుతో సహా నిప్పులమీద కాల్చి తింటారు. ఇది అడుగు బురదను నాకి బతికేది కాబట్టి, మురుగు కలిసే చోట పట్టినదైతే తినకపోవడమే మంచిది. ఈసారి దొరికితే చేతికి గోనెపట్టా చుట్టుకొని వలలోంచి తీసి, తలమీద ఒక్క దెబ్బతో చంపి, నీటికి దూరంగా పాతిపెట్టండి. ముందుగా పొట్టవైపు ఒక ఫోటో తీసి మత్స్యశాఖ వారికి చూపించండి.